నూకరాజు గారి లాక్, నూకరాజు గారి నంబరు

నర్సీపట్నంలో నన్ను ఇప్పటికీ లాక్ మాస్టారనే అంటారు. కొత్తవాళ్లు ఆ పేరు విని నేను తాళాలు బాగుచేస్తాననుకుంటారు. ఒకసారి ఒకాయన బీరువా తాళంచెవి పోయిందని నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుపోవడానికి ఇంటికి వచ్చేశాడు. నేను కంప్యూటర్ లాకుల మనిషినని చెబితే, ఏదైనా లాకే కదా, ఓసారి చూస్తే పోయేదేముందన్నాడు. వెళ్లాను. బీరువా తెరుచుకోలేదు గాని, వాళ్లింట్లో కాఫీ మాత్రం చాలా బాగుంది.

నేను చేసిన ఉద్యోగం పేరు సర్వీస్ ఇంజనీరు. విశాఖలో ఒక డీలరు దగ్గర చేరి, నర్సీపట్నం నుంచి యలమంచిలి దాకా ఉన్న ప్రింటింగ్ ప్రెస్సులు, డీటీపీ సెంటర్ల కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి లాక్ అంటే ఏమిటో తెలియదు. తెలియకపోయినా వాళ్ల పని ఆగదు. కానీ లాక్ పోయి లాగిన్ వచ్చిన ఆ మార్పులో మా ఊళ్లో ఒక ప్రెస్సు మూతపడబోయి నిలబడింది. ఆ సంగతి వాళ్లకి తెలియాలని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

వెనకాల గుచ్చే ముక్క

ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కొట్టి పేజీ తయారు చేయాలంటే దానికొక సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. ఒకరు కొని పదిమందికి కాపీ చేసి ఇచ్చేస్తారేమోనని కంపెనీకి భయం. అందుకని సాఫ్ట్‌వేర్‌తో పాటు అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక ప్లాస్టిక్ ముక్క ఇచ్చేవారు. దానికి ఒకవైపు పిన్నులు, రెండోవైపు రంధ్రాలు. కంప్యూటర్ వెనకాల, ప్రింటర్ వైరు గుచ్చే చోట దాన్ని గుచ్చాలి. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. దానికి ఇంగ్లీషులో వేరే పేర్లున్నా మా వైపు అందరికీ అది లాకే.

లాక్ అనే మాటతో నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫోన్లో 'లాక్ తీసి మళ్లీ పెట్టండి' అని చెబితే, ఒక సెంటరాయన లేచి వెళ్లి షట్టరు దించి, తాళం వేసి, తీసి, మళ్లీ వచ్చి 'అయినా రావట్లేదండి' అన్నాడు. నవ్వాపుకుని, కంప్యూటర్ వెనకాలది, అన్నాను. అప్పట్నుంచి ఫోన్లో 'నల్ల ముక్క' అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. మీరు కూడా ఫోన్లో కంపెనీ వాళ్ల మాటలు వాడకండి. అవతలి మనిషి కంటికి కనిపించేది చెప్పండి.

నూకరాజు గారి ప్రెస్సు బలిఘట్టం వెళ్లే రోడ్డులో, ఒకటే గది. ఆయన, ఆయన భార్య వరలక్ష్మి గారు, ఇద్దరే మనుషులు. వచ్చినవాళ్లతో మాట్లాడి కార్డు ఎలా ఉండాలో తేల్చేది ఆయన. కూర్చుని కొట్టేది ఆవిడ. చుట్టుపక్కల పెళ్లికార్డులు చాలావరకు అక్కడే తయారయ్యేవి. ప్రతి కార్డు అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, నూకరాజు గారి ఫోన్ నంబరు ఉండేవి.

పసుపు

ఒక దసరాకి నూకరాజు గారు ఆయుధపూజ చేసుకున్నారు. కీబోర్డుకి, మానిటరుకి బొట్లు పెట్టారు. ఆయన దృష్టిలో అసలు ఆయుధం లాకే. అది లేకపోతే మిగిలినవన్నీ దండగ. అందుకని లాక్ ఊడదీసి, తడి పసుపు పట్టించి, కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు ఉంచారు. మర్నాడు తెచ్చి మళ్లీ గుచ్చితే సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. విశాఖ ఆఫీసుకి ఫోన్ చేసి, పూజ చేసినప్పట్నుంచి లాక్ అలిగిందని చెప్పారు.

నేను కొత్త. నాకు ఒళ్లు మండింది. దారి పొడవునా ఏం తిట్టాలో కూడబలుక్కుంటూ వచ్చాను. అదృష్టం బాగుండి ఆ రోజు మా మేనేజరు మూర్తి గారు కూడా నాతో బయల్దేరారు. ఆఫీసులో ఆయన చాలా చిరాకు మనిషి. సెలవు అడిగితే మొహం చిట్లించేవారు. ఆయనా అరుస్తారనే అనుకున్నాను.

నూకరాజు గారు లాకుని తమలపాకులో పెట్టి తెచ్చిచ్చారు. పిన్నుల మధ్య పసుపు గట్టిపడిపోయి ఉంది. మూర్తి గారు దాన్ని అందుకుని ముందు కళ్లకద్దుకున్నారు. తర్వాత ఒక పాత టూత్‌బ్రష్, కాస్త స్పిరిట్ అడిగి తెప్పించుకుని, కింద కూర్చుని, పిన్ను పిన్నుకీ శుభ్రం చేశారు. ఎండలో పెట్టి ఆరనిచ్చి గుచ్చితే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. లేచి వెళ్లేటప్పుడు, వచ్చే ఏడాది బొట్టు సీపీయూ డబ్బా మీద పెట్టండి, లాకుకి పెట్టినట్టే కదా, అన్నారు. నూకరాజు గారు ఆ మాట జీవితాంతం పాటించారు.

బస్సులో మూర్తి గారు నాతో అన్నది ఒక్కటే. 'ఆయన దాన్ని పాడుచెయ్యలేదయ్యా, నెత్తిన పెట్టుకున్నాడు. మనం అమ్మిన వస్తువుకి అంతకంటే ఏం కావాలి?' ఆ తర్వాత నేను ఏ కస్టమరు మీదా గొంతు పెంచలేదు. నాకీ ఉద్యోగం నేర్పింది ఆయనే. ఆయనకి ఆ మాట బతికుండగానే చెప్పాను. చెప్పగలిగినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

దొంగ కాపీ

లాక్ పద్ధతి మంచిదేనా అంటే, కాదనే చెబుతాను. కంపెనీలు ప్రతి కస్టమర్నీ దొంగలా చూశాయి. తమాషా ఏమిటంటే దొంగలకి ఏ బాధా లేదు. లాక్ అవసరం లేకుండా పనిచేసే దొంగ కాపీలు బజార్లో దొరికేవి. అవి వాడుకునేవాళ్లు హాయిగా ఉండేవారు. లాక్ కొనుక్కున్న మర్యాదస్తులు మాత్రం పిన్ను వంగిందని, పిడుగుపాటుకి మాడిందని, ఎలక ఎత్తుకుపోయిందని మా చుట్టూ తిరిగేవారు. ఎలక సంగతి నిజమే. లాక్ అటక మీద దొరికింది.

ఒక ముహూర్తాల సీజన్లో నూకరాజు గారి లాక్ మాడిపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. పని నెత్తిమీద ఉంది. ఎవరో వచ్చి దొంగ కాపీ వేసిపెడతామన్నారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుకి వేయించుకుంటే తప్పేమిటని నాకూ అనిపించింది, కానీ నా నోటితో అనకూడదు కదా. నూకరాజు గారే వద్దన్నారు.

'శుభలేఖండీ అది. దొంగ సామాన్తో శుభలేఖ ఎలగేస్తామండి?'

చివరికి యలమంచిలిలో ఉన్న ఇంకో ప్రెస్సాయన, ఈయనకి పోటీదారే, తన లాకుని రెండు రోజులు వాడుకోమని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. కండక్టరు దాన్ని చొక్కా జేబులో వేసుకుని తెచ్చి, నూకరాజు గారి చేతిలో పెట్టి వెళ్లాడు. లాక్ పద్ధతిలో నాకు నచ్చింది ఇదొక్కటే. చేత్తో ఇవ్వచ్చు, చేత్తో పుచ్చుకోవచ్చు. కంపెనీ నిబంధనల ప్రకారం అది కూడా తప్పేనేమో, నేను ఎవర్నీ అడగలేదు.

లాగిన్

కొన్నాళ్లకి ప్రింటరు పోర్టులు పోయి పెన్‌డ్రైవు లాంటి లాకులు వచ్చాయి. ఇంకొన్నాళ్లకి అవీ పోయాయి. ఇప్పుడు వస్తువంటూ ఏదీ లేదు. మన పేరు, ఫోన్ నంబరు కంపెనీ దగ్గర ఉంటాయి. ఇంటర్నెట్లో లాగిన్ అయితే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ పాడైతే ఇంకోదాంట్లో తెరుచుకోవచ్చు. పిన్నులు వంగవు, ఎలకలు ఎత్తుకుపోవు. ఇది లాక్ కంటే మంచి పద్ధతే. పాతవాణ్ని కదా అని పాతదాన్నే పొగుడుతానని అనుకోకండి.

పాత లాకులున్నవాళ్లకి కంపెనీ ఒక దారి చూపించింది. లాక్ మీదున్న నంబరు వెబ్‌సైటులో కొడితే, కంపెనీ దగ్గర రాసి ఉన్న ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది. అది కొడితే లాక్ హక్కు లాగిన్‌గా మారిపోతుంది. నూకరాజు గారు చూద్దాం చూద్దాం అంటూనే, ఒక ఉదయం గుండెనొప్పితో వెళ్లిపోయారు.

వరలక్ష్మి గారు ప్రెస్సు ఆపలేదు. పాత కంప్యూటర్, పాత లాక్ పనిచేసినంతకాలం అన్నీ ఆవిడే చూసుకున్నారు. ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు పోయిన రోజు నాకు కబురు పెట్టారు. అప్పటికి నేను రిటైరై కొన్నాళ్లయింది. కొత్త కంప్యూటర్లకి ఆ పోర్టు లేదు. కన్వర్టర్ కేబుల్ పెట్టి చూశాను, అది లాకుని గుర్తుపట్టలేదు. ఇక మిగిలింది లాగినే. వెబ్‌సైటులో నంబరు కొట్టాను. ఓటీపీ పంపించామని వచ్చింది. నూకరాజు గారి ఫోన్ ఎక్కడుందని అడిగాను.

ఆవిడ బీరువాలోంచి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత చెప్పారు. ఆయన పోయాక కూడా ఆ ఫోన్ మోగుతూనే ఉండేదట. కార్డు అడుగున నంబరు చూసి ఎక్కడెక్కడివాళ్లో చేసేవాళ్లు. అందరూ నూకరాజు గారున్నారా అనే అడిగేవాళ్లు. ప్రతిసారీ లేరని చెప్పలేక ఒకరోజు ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టేశారు. రీచార్జి లేక సిమ్ చచ్చిపోయింది. ఆ నంబరుని ఫోన్ కంపెనీ వేరే ఎవరికో ఇచ్చేసింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది, నంబరు మార్చాలంటే వారసత్వ పత్రాలు పంపండి, పరిశీలించి చెబుతామన్నారు. పత్రాలకి అర్జీ పెట్టాం. అవి ఎప్పటికొస్తాయో ఎవరూ చెప్పలేదు. ఇటు చూస్తే శ్రావణమాసం దగ్గరపడింది. ఆవిడ మాటిచ్చిన కార్డులున్నాయి. ఇన్నేళ్లుగా తయారుచేసిన ఫైళ్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్లోనే తెరుచుకుంటాయి. ఈ సీజన్ పోతే వచ్చేవాళ్లు యలమంచిలికి అలవాటు పడతారు, నెలాఖరుకి గది ఖాళీ చేసేస్తానని ఆవిడ తేల్చి చెప్పేశారు.

'లాకైతే ఆయన పోయినా నా సేతిలో ఉండిపోనాదండి, అన్నయ్యగారూ. ఇదేటండీ, ఆయన్తోటే ఎల్లిపోనాది?'

అందుకే ఇప్పుడు పనిలో ఉన్న పిల్లలకి చెబుతున్నాను. ఎవరికైనా లైసెన్సు రాయించేటప్పుడు రెండో నంబరు అడగండి. ఇంట్లో ఇంకో మనిషి పేరు అడగండి. కస్టమరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కార్డులు కొట్టిన మనిషి పేరు ఆ కంపెనీ దగ్గర ఎక్కడా లేదు.

కొయ్యూరు

ఆ నంబరుకే ఫోన్ చేద్దామన్నాను. ఒకావిడ ఎత్తారు. నేను ఓటీపీ అన్న మరుక్షణం పెట్టేశారు. కోపం రాలేదు సరికదా ముచ్చటేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఊరూరా చెప్పి తిరిగినవాణ్ని నేనే. రెండోసారి వరలక్ష్మి గారు చేశారు. ఆయన పేరు చెప్పారు, పోయిన సంగతి చెప్పారు. అవతలావిడ తన పేరు ఈశ్వరమ్మ అని, కొయ్యూరు దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరునని చెప్పారట. 'నిజమైతే రండమ్మా. మడిసిని సూస్తే తెలుస్తాది' అన్నారట.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, కేడీపేట మీదుగా బస్సులో వెళ్లాం. ఈశ్వరమ్మ గారు రోడ్డు దగ్గరికే వచ్చి నిలబడ్డారు. ముప్పై దాటిన మనిషి, నీలం చీర. ఊళ్లో మాటలకి తప్ప నెట్‌కి సిగ్నల్ లేదని, ఈ కల్వర్టు దగ్గరే అందుతుందని, అంగన్‌వాడీ కేంద్రం హాజరు కూడా రోజూ ఇక్కడికొచ్చే పంపుతానని చెప్పారు. ముగ్గురం కల్వర్టు గట్టు మీద కూర్చున్నాం. వరలక్ష్మి గారు ఆధార్ కార్డు, ఆయనతో దిగిన ఫోటో తీసి చూపించారు. ఈశ్వరమ్మ గారు కార్డు సరిగా చూడనే లేదు. ఫోటో మాత్రం చాలాసేపు చూశారు.

నా ఫోన్‌తో ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ కలిపి, లాక్ నంబరు కొట్టాను. ఈశ్వరమ్మ గారి ఫోన్ కిణుక్కుమంది. అంకెలు చదవమన్నాను. ఆవిడ చదవలేదు.

'ట్రైనింగులో ఎవరికీ సెప్పొద్దన్నారండి. నేను సెప్పను. ఆయనకొచ్చింది కదా, ఈవిడే సూసుకుంటారు.'

ఫోన్ తీసి వరలక్ష్మి గారి చేతిలో పెట్టారు. ఎంత చక్కగా రూలు నిలబెట్టారో చూశారా. నేను ల్యాప్‌టాప్ మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. వరలక్ష్మి గారు అంకెలు చెప్పరు. బేగి చెప్పండమ్మా, గడువైపోతుంది, అన్నాను. ఆవిడకి వినపడలేదు. తొంగి చూశాను. మెసేజి మొదట్లోనే నూకరాజు గారూ అని ఉంది. కంపెనీ కంప్యూటరుకి ఆయన పోయినట్టు తెలియదు కదా. ఆవిడ ఆ పేరు దగ్గరే ఆగిపోయారు. గడువు దాటిపోయింది.

కాసేపాగి మళ్లీ కొట్టాను. ఈసారి ఆవిడ కళ్లు తుడుచుకుని, ఒక్కో అంకె స్పష్టంగా చదివారు. లాగిన్ తెరుచుకుంది. ముందుగా చేసిన పని నంబరు మార్చడం. నూకరాజు గారి నంబరు తీసేసి ఆవిడది పెట్టాను, పేరు కూడా ఆవిడదే రాశాను. ఓ పాత కార్డు ఫైలు తెరిచి చూపించాను. అక్షరాలన్నీ ఉన్నాయి. వరలక్ష్మి గారు నాకు దణ్ణం పెట్టబోతే, ఈశ్వరమ్మ గారికి పెట్టండి అన్నాను.

ల్యాప్‌టాప్ మూసేశాను. పని అయిపోయింది, బస్సు కోసం చూస్తున్నాను. అప్పుడు ఈశ్వరమ్మ గారు కాస్త మొహమాటంగా మొదలుపెట్టారు. ఆ సిమ్ తీసుకున్న మొదటి రోజు నుంచీ నూకరాజు గారి కోసం ఫోన్లు వస్తున్నాయట. మొదట్లో రాంగ్ నంబరని విసుక్కునేవారట. తర్వాత ఒక పెద్దాయన ఫోన్ చేశాడట.

'ఆయన పెళ్లికార్డు నూకరాజు గారే ఏశారంటండి. ఇప్పుడు కూతురికీ ఆయనే ఎయ్యాలంట. రాంగ్ నంబరని అనడానికి నాకు నోరు రానేదండి. ప్రెస్సెక్కడో ఆయన్నే అడిగి తెలుసుకున్నాను. అప్పట్నుంచి ఎవరు సేసినా, బలిఘట్టం రోడ్డుకెళ్లండి, అక్కడేస్తారు అని సెబుతున్నాను.'

వరలక్ష్మి గారు తలెత్తి చూశారు. ఫోన్లో ఎవరో ఆడమనిషి రమ్మన్నారని చెప్పి కొందరు వచ్చేవాళ్లని, పొరపాటు పడ్డారేమోననుకుని తాను అడగలేదని నాతో అన్నారు. ఆయన పోయాక కూడా ప్రెస్సు ఎలా నడిచిందో మా ఇద్దరికీ అప్పుడు తెలిసింది. నా ఉద్యోగంలో చాలామంది వల్ల మేలు పొందాను, పొందినవాళ్లనీ చూశాను. ఇలాంటిది మాత్రం చూడలేదు.

'ఆయన గురించి అందరూ మంచిగానే సెప్పేవోరండి' అన్నారు ఈశ్వరమ్మ గారు. 'ఒకావిడైతే, పేరులో తప్పొచ్చిందని కార్డులన్నీ మళ్లీ ఏసిచ్చారని సెప్పి ఏడిసింది.'

నర్సీపట్నం బస్సు మలుపు తిరిగి వచ్చి మా ముందు ఆగింది. నేను సంచి తగిలించుకుని లేచాను. వరలక్ష్మి గారు లేవలేదు. ఈశ్వరమ్మ గారి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

'ఇంకెవరెవరు సేశారు? ఏటన్నారు? అందర్నీ సెప్పు తల్లీ' అన్నారు.

కండక్టరు నా వైపు చూశాడు. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపి, నేను కూడా మళ్లీ గట్టు మీద కూర్చున్నాను.